ఒంటికన్ను పులి

మధ్యాహ్నం నిద్ర నుంచి పిల్లలు ఒక్కొక్కరే లేస్తున్నారు. మట్టత్త బల్ల మీది తడిగుడ్డ తీసి, నిన్న చేసిన బొమ్మల్ని వరసగా చూసుకుంటోంది. ఏనుగు బాగానే ఉంది. తాబేలు డిప్ప కాస్త పగిలితే వేలితో నీళ్లద్ది సరిచేసింది. మేక కొమ్ములు ఊడలేదు. పులి దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగిపోయింది.

పులికి ఎడమ కన్ను లేదు. కన్ను ఉండాల్సిన చోట చిన్న గుంట, గుంట అంచున గోరుతో గీరిన గుర్తు ఉన్నాయి.

ఆమె బల్ల కింద చూసింది. మోకాళ్ల మీద వంగి చాపల అంచులు ఎత్తి చూసింది. చీపురు తెచ్చి మూలమూలా ఊడ్చి, వచ్చిన చెత్తను అరచేతిలో పోసుకుని వేలితో కెలికింది. దారప్పోగులు, బియ్యపు గింజ, విరిగిన బొత్తాం కనిపించాయి గానీ కన్ను మాత్రం కనపడలేదు. పోయింది చింతగింజ అయితే ఇంత కంగారు ఉండేది కాదు. అది గురివింద గింజ.

అది బట్టలు కుట్టే కర్మాగారం. తల్లులంతా మిషన్ల మీద ఉంటే వాళ్ల పిల్లలు వెనక ఉన్న రెండు గదుల్లో ఉంటారు. ఆ గదులకి ఒక టీచరు, ఒక ఆయా. టీచరు చదువుకున్న పిల్ల, ఇంకా పెళ్లికాలేదు, పనిలో నిక్కచ్చి మనిషి. ఆయాగా చేరినావిడే మట్టత్త, ఆ పేరు తర్వాత పిల్లలు పెట్టిందే. ఆవిడ పుట్టి పెరిగింది పెంకుల బట్టీలో. తల్లి మట్టి తొక్కుతుంటే పక్కన కూర్చుని బురదతో ఆడుకుంది, ఎదిగాక అదే మట్టిని అచ్చుల్లో నింపింది. సిమెంటు రేకులొచ్చి పెంకులు అడిగేవాళ్లు లేక బట్టీ మూతపడితే ఇక్కడికి వచ్చింది. ఆమెకు పిల్లల్లేరు. మొగుడు కర్మాగారం గేటు దగ్గరే ఆటో నడుపుతాడు.

చేరిన కొత్తలో ఆమె పని ముక్కులు తుడవడం, చాపలు దులపడం, పిల్లల్ని దొడ్డికి తీసుకెళ్లడం. అవన్నీ ఒక ఎత్తు, పొద్దున్నే మొదలయ్యే ఏడుపు ఒక ఎత్తు. తల్లి గుమ్మం దాటిందో లేదో ఒకళ్లు అందుకునేవాళ్లు. ఇక మిగతావాళ్లు శ్రుతి కలిపేవాళ్లు. గోడకి అవతల మిషన్ల హోరులో కూడా ఆ ఏడుపు తల్లులకి వినబడేది. ఎవరి పిల్ల ఏడుపు వాళ్లు గుర్తుపట్టి, సూది ఎక్కడ దిగుతోందో చూసుకోకుండా వేలికి గుచ్చుకునేవాళ్లు.

ఒకరోజు ఆమె కాలవగట్టు నుంచి బంకమట్టి తెచ్చింది. రాళ్లు ఏరి, నానబెట్టి, పల్చటి గుడ్డలో వడగట్టి, ఎండినా పగలకుండా కాస్త బూడిద కలిపి, రొట్టెపిండిలా పిసికింది. అందరికంటే గట్టిగా ఏడుస్తున్న పిల్ల ఎదురుగా కూర్చుని, పలకరించకుండా, నత్తను చేయడం మొదలుపెట్టింది. ఆ పిల్ల వెక్కుతూనే చూసింది. కాసేపటికి వెక్కిళ్ల మధ్య అడిగింది.

"దానికి కళ్లేవీ?"

"నాకేం తెలుసు? నువ్వే వెతికి తే."

పిల్ల లేచి పెరట్లోకి పరిగెత్తింది. ఆ పిల్లే పిచ్చుక. ఒకచోట నిలవదు, నోరు మూయదు, అందుకే ఆ పేరు. ఆ రోజు పిచ్చుక చింతగింజలు తెచ్చింది. అప్పటి నుంచి ఆ గదిలో అదొక కట్టుబాటయింది. ఒళ్లు మట్టత్త పెట్టిన మట్టితో చేసుకోవాలి, మిగతావన్నీ పిల్లలే తేవాలి. కాళ్లకి చీపురుపుల్లలు, జూలుకి కొబ్బరిపీచు, రెక్కలకి రాలిన ఈకలు, తాబేలు డిప్ప మీద గళ్లు వేయడానికి ఎండిన పూలతొడిమ. తల అతకాలంటే రెండువైపులా గీతలు పెట్టాలి, నీళ్లతో పల్చగా కలిపిన జారుమట్టి పూయాలి, నొక్కాలి. "గీయి, పూయి, నొక్కు" అని పిల్లలు పాటలా పాడుకునేవాళ్లు. టీచరు మొదట్లో గోడల మీద చేతిగుర్తులు చూసి చిరాకుపడింది గానీ, పొద్దుటి ఏడుపు ఆగిపోవడంతో ఊరుకుంది.

నిన్న పులిని చేశారు. కళ్ల కోసం పిల్లలు పెరడంతా గాలించారు. వెనక కంచె మీద ఏదో తీగ అల్లుకుని ఉంది, కాయలు కొన్ని అప్పుడప్పుడే పగులుతున్నాయి. పిచ్చుక గుప్పెట నిండా కోసుకొచ్చి, గొప్ప నిధి తెచ్చినట్టు చెయ్యి తెరిచింది. ఎర్రటి గింజలు, ఒక్కోదానికి నల్లబొట్టు.

మట్టత్తకి చూడగానే తెలిసింది. ఆమె అమ్మమ్మ చిన్నప్పుడే చెప్పింది, మింగితే దారిన పోతుంది, నమిలితే ప్రాణం మీదికి తెస్తుంది అని. వెంటనే తీసి పారేయబోయింది. కానీ అప్పటికే గుండు, అంటే పేలు పడ్డాయని తల్లి గుండు గీయించిన పిల్లాడు, ఒక గింజ లాక్కుని పులి మొహానికి అదిమేశాడు. రెండోది పిచ్చుక అదిమింది. అంతే, అప్పటిదాకా పిల్లిలా ఉన్నది పులి అయి కూర్చుంది. పిల్లలంతా చుట్టూ చేరి "ఎర్ర కళ్లు! ఎర్ర కళ్లు!" అని గెంతడం మొదలుపెట్టారు. ఆ మొహాలు చూసి ఆమెకు చెయ్యి రాలేదు. మిగతా గింజలన్నీ ఏరి గోడ అవతల మురుగు కాలవలో విసిరేసింది. ఆ రెండింటినీ మాత్రం బొటనవేలితో మట్టిలోకి లోతుగా నొక్కింది. పాతేశాను కదా, ఎవరు పీకుతారులే అనుకుంది.

ఇప్పుడు ఎవరో పీకారు.

"ఏంటక్కా, ఏం పోయింది?" టీచరు గుమ్మంలో నిలబడి అడిగింది.

"పులి కన్ను పోయింది, టీచరమ్మా. గురివింద."

"గురివిందంటే... ఆ విషం గింజా?" టీచరు పిల్లల వైపు చూసింది. "ఎవరైనా తిన్నారా?"

"అదే తెలీడం లేదు."

బల్ల పక్కన పడుకున్నది పిచ్చుక, గుండు ఇద్దరే. మిగతావాళ్ల చాపలు అవతలి గదిలో ఉన్నాయి. టీచరు గబగబా వచ్చి గుండు భుజాలు పట్టుకుంది.

"నువ్వు తిన్నావా? చెప్పు! నోరు తెరువు!"

గుండు నోరు తెరిచాడు, కానీ ఏడవడానికి. "నేను కాదు, నేను కాదు" అంటూ గుక్కపట్టాడు. టీచరు పిచ్చుక వైపు తిరిగింది. పిచ్చుక గోడకి వీపు ఆనించి రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. రోజంతా ఆగని నోరు ఇప్పుడు బిగుసుకుపోయింది.

"తిన్నావా లేదా?"

పిచ్చుక తల అడ్డంగా ఊపింది. కాసేపాగి నిలువుగా ఊపింది. మళ్లీ అడ్డంగా ఊపింది.

"గద్దిస్తే అది చెప్పదు టీచరమ్మా. ఒక్క క్షణం నాకు వదిలెయ్యి," అంది మట్టత్త.

ఆమె నేల మీద కూర్చుని, తొట్టిలోంచి ఒక ముద్ద మట్టి తీసింది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఒళ్లు, తల, చెవులు, తెరిచిన పెద్ద నోరు. దాన్ని ఇద్దరు పిల్లల మధ్యా నిలబెట్టింది.

"ఈ పులికి కడుపులో నెప్పంట. ఇందాక ఏదో తిన్నదంట. ఏం తిందిరా గుండూ?"

"అన్నం," అన్నాడు గుండు ముక్కు ఎగబీలుస్తూ. "మనం పెట్టలేదు కదా, ఆకలేసుంటుంది."

"నీకేమైనా తెలుసా, పిచ్చుకా?"

పిచ్చుక పులిని చూసింది. గోడ నుంచి వీపు తీసి ఒక అడుగు ముందుకేసింది. "కన్ను తింది."

"ఎవరి కన్ను?"

"దాని కన్నే. ఊడి వచ్చేసింది. అందుకని తినేసింది."

టీచరు ఏదో అనబోతే మట్టత్త చెయ్యెత్తి ఆపింది. "అయ్యో, ఎలా తిందో! గుటుక్కున మింగేసిందా? ఏదీ, చూపించు."

పిచ్చుక తల అడ్డంగా ఊపి, దవడలు కదిపి చూపించింది. పక్కపళ్ల కిందకి తెచ్చుకుని కొరికినట్టు. "కరక్ మంది. ఛీ, చేదు. పులి ఊసేసింది."

"ఎక్కడ ఊసింది?"

పిచ్చుక తన చాప చివరకి వెళ్లి, దిండు ఎత్తింది. కింద ఎర్రటి తొక్క పెచ్చులు, తెల్లటి పప్పు ముక్క ఒకటి, వాటి చుట్టూ ఎంగిలి తడి ఉన్నాయి. మట్టత్త వాటిని ఏరి అరచేతిలో కూర్చింది. ఎంత కూర్చినా గింజలో సగమే తేలింది. మిగతా సగం పిల్ల కడుపులో ఉంది.

ఆ ముక్కల్ని కొంగు చివర ముడి వేసి, పిచ్చుక నోట్లో నీళ్లు పోసి పుక్కిలింపజేసి ఊయించి, పిల్లను చంకనెత్తుకుని ఆమె బయల్దేరింది. గుమ్మంలో టీచరు అడ్డం నిలబడింది.

"వాళ్లమ్మకి కబురు పంపాను, గేటు దగ్గరికి వస్తుంది. అక్కా, ఒక్కమాట విను. ఆస్పత్రిలో అడిగితే ఇంటి దగ్గర తిని ఉంటుందని చెప్పు."

"ఏంటి టీచరమ్మా?"

"నా కోసం చెప్పడం లేదు. ఇక్కడ తిందని తెలిస్తే యజమానులు ఈ గదులు మూసేస్తారు. వాళ్లకి ఎప్పుడు సాకు దొరుకుతుందా అనే ఉంది. అప్పుడు ఈ పిల్లల్నందర్నీ ఎక్కడ పెడతారు? ఇంట్లో తాళం వేసి వస్తారు. అది నయమా, చెప్పు?"

టీచరు చెప్పింది అబద్ధం కాదు, తాళం వేసిన ఇళ్ల సంగతి మట్టత్తకీ తెలుసు. పక్కకి తప్పుకుని ఆమె పరిగెత్తింది.

పిచ్చుక తల్లి కాజాలు కుట్టే మిషను మీద పనిచేస్తుంది. జుట్టు నిండా దారప్పోగులతో, చెప్పులు లేకుండా గేటు దగ్గరికి వచ్చింది. మట్టత్త మొగుడు పెళ్లాం మొహం చూడగానే ఆటో తిప్పాడు.

"ఏమైంది? ఏం తింది?" తల్లి పిల్లను లాక్కుని ఒళ్లో వేసుకుంది.

"గురివింద గింజ నమిలింది. సగం ఊసేసింది."

"గురివిందా! ఎక్కడిది?"

అదే సమయంలో ఎదురుగా లారీ వచ్చింది. మొగుడు హారను కొట్టి ఆటోని పక్కకి కోశాడు. అందరూ ఒకవైపుకి ఒరిగారు. ఆటో సర్దుకుంది, ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది. మట్టత్త కొంగు ముడిని పిడికిట్లో బిగించి పట్టుకుని బయటికి చూస్తూ కూర్చుంది. ఈ రోడ్డు ఇంత పొడుగని ఆమెకెప్పుడూ తెలీదు. పిచ్చుక మాత్రం షికారు వెళ్తున్నట్టు కడ్డీ పట్టుకుని కోళ్లను లెక్కపెడుతోంది. చూస్తే ఏ రోగమూ లేని పిల్లలా ఉంది. ఆ హుషారు చూస్తుంటే మట్టత్తకి భయం ఇంకా ఎక్కువైంది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ సిద్ధంగానే ఉంది. "మీ దగ్గర్నుంచి టీచరెవరో ఫోన్ చేశారు. పొద్దున్న ఇంట్లో తిందట కదా?"

"ఇంట్లోనా?" తల్లి అయోమయంగా చూసింది. "మా ఇంట్లో గురివిందెక్కడిదండీ? పొద్దున్న నేనే కదా తలదువ్వి తీసుకొచ్చాను!"

"చూడమ్మా, సరిగ్గా చెప్పాలి. తిని చాలాసేపయితే నేను చేసే వైద్యం ఒకలా ఉంటుంది. ఇప్పుడే తిన్నదయితే కడుపులో ఉన్నది లోపలికి ఇంకకుండా పట్టే మందుంది. ఆలస్యమయ్యేకొద్దీ దాంతో లాభం తగ్గిపోతుంది. ఎప్పుడు తింది?"

తల్లి మట్టత్త వైపు చూసింది. డాక్టరమ్మ కూడా చూసింది. టీచరు మాటలు, తాళం వేసిన ఇళ్లు, మూసేసిన గదులు, అన్నీ ఒక్కసారిగా ఆమెకు గుర్తొచ్చాయి. అయినా నోరు విప్పింది.

"ఇంట్లో కాదు డాక్టరమ్మా. మా పిల్లల గదిలోనే. మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నాక తింది. ఇప్పుడే, ఇందాకే. ఇవిగో ఊసిన ముక్కలు." కొంగు ముడి విప్పింది. "ఆ గింజ మట్టిపులికి కన్నుగా ఉంది. విషమని నాకు తెలుసు. తెలిసే ఉంచాను. గట్టిగా నొక్కాను, రాదులే అనుకున్నాను."

డాక్టరమ్మ ముక్కల్ని గోటితో నొక్కి చూసింది. "పచ్చిదనం పోని గింజ. ముదిరినదయితే ఈ పళ్లకి నలిగేది కాదు." నర్సు వైపు తిరిగి మందు తెమ్మంది.

తల్లి ఒక్క అడుగు వెనక్కి వేసి, పిల్లను మట్టత్త చూపుకి కూడా అందకుండా అవతలి భుజానికి మార్చుకుంది. తర్వాత మెల్లగా అంది.

"తెలిసి ఉంచావా? నీకొక పిల్ల ఉంటే తెలిసేది."

ఆ మాటకి మట్టత్త మొగుడు గుమ్మం బయట తలదించుకున్నాడు. మట్టత్త గుమ్మం దాకా వెనక్కి జరిగింది.

నర్సు గిన్నెలో తెచ్చిన మందు కాటుకలా నల్లగా ఉంది. బొగ్గుపొడి కలిపిన నీళ్లు. పిచ్చుక వాసన చూసి పళ్లు బిగించింది. తల్లి బతిమాలింది, బుజ్జగించింది, చివరికి ఒక్కటి వేసింది. నర్సు ముక్కు మూసి పట్టుకుంటే తన్నింది. సగం మందు దుప్పటి మీద పడింది. "ఇలా అయితే గొట్టం వేయాలి," అంది డాక్టరమ్మ. గొట్టం అనగానే పిచ్చుక పెట్టిన కేకకి పక్కగది వాళ్లు తొంగి చూశారు.

"పిచ్చుకా!" గుమ్మం దగ్గర నుంచే పిలిచింది మట్టత్త. "గేదె నల్లగా ఎందుకుంటుందో తెలుసా నీకు?"

ఏడుపు కాస్త తగ్గింది. "ఎందుకూ?"

"ఇదే తాగుద్ది రోజూ. గ్లాసుతో తాగదు, ఇంత మూతి పెట్టి బుర్రుమని పీలుస్తుంది. నువ్వు తాగలేవులే, నీది పిచ్చుక మూతి."

పిచ్చుక తల్లి వైపు చూసింది. తల్లి మట్టత్త వైపు తల తిప్పకుండానే గిన్నె నోటికి దగ్గరగా పట్టింది. పిచ్చుక గిన్నెలో మూతి పెట్టి బుర్రుమని పీల్చింది. కక్కబోయి, ఆపుకుని మళ్లీ పీల్చింది. గిన్నె ఖాళీ చేసి తలెత్తితే మొహమంతా నలుపే. "అంబా" అని అరిచింది. నర్సు నవ్వింది. తల్లి మాత్రం నవ్వలేదు, కొంగుతో పిల్ల మూతి తుడిచింది.

"దీనికి విరుగుడంటూ లేదు," డాక్టరమ్మ తల్లికి చెప్పింది. "ఊసేసింది, త్వరగా తెచ్చారు, అది మంచిది. కానీ లోపలికి ఎంత పోయిందో ఇప్పుడే తెలీదు. వాంతులు మొదలైతే సెలైన్ పెడతాం. కనీసం రెండు మూడు రోజులు కళ్లల్లో వత్తులేసుకుని చూడాలి."

సాయంత్రం వాంతులు మొదలయ్యాయి. మొదట నల్లగా, తర్వాత పసుపుపచ్చగా. అప్పటిదాకా మంచం మీద గెంతిన పిల్ల వాలిపోయింది. వసారాలో బల్ల మీద కూర్చున్న మట్టత్తకి ఆ చిన్న గొంతు తన్నుకోవడం వినబడుతూనే ఉంది. వినబడ్డప్పుడల్లా ఆమె బొటనవేలు చీర మీద ఒత్తుకునేది, గింజను ఇంకా లోతుకి నొక్కుతున్నట్టు.

తల్లి బయటికి వచ్చింది. "ఇక్కడ నువ్వు కూర్చోవద్దు. నిన్ను చూస్తే నాకు పిచ్చెక్కుతోంది. వెళ్లిపో."

ఆమె లేచి వెళ్లింది, మెట్ల మలుపు దాకా. అక్కడ నుంచి గది కనపడదు, గొంతు మాత్రం వినిపిస్తుంది. మొగుడు రొట్టె, టీ తెచ్చి పక్కన కూర్చున్నాడు.

"తిను."

"దిగదయ్యా."

"నువ్వు పస్తుంటే ఆ పిల్లకి తగ్గుద్దా? నువ్వూ మంచం ఎక్కితే ఇద్దర్నీ మొయ్యడం నా వల్ల కాదు. నీ సగం బరువుకే నా ఆటో టైరు కూర్చుంటుంది."

ఆమె నవ్వబోయి ఏడ్చింది. అతను కాసేపు ఏడవనిచ్చాడు. "నిజం చెప్పావు కదా," అన్నాడు చివరికి.

"ఆలస్యంగా చెప్పాను. ఆటోలోనే చెప్పాల్సింది. నిన్ననే తీసి పారేయాల్సింది."

అతను టీ గ్లాసు ఆమె చేతిలో పెట్టి వేళ్లు మూశాడు.

మర్నాడు తెల్లవారగానే ఆమె గునపం తీసుకుని కర్మాగారం వెనక కంచె దగ్గరికి వెళ్లింది. తీగ పైపైన పీకితే తెగిపోతోంది, వేరు లోపలే ఉండిపోతోంది. ఆమె తవ్వుతుంటే పనికి వచ్చే ఆడవాళ్లు ఆగారు. ఒకామె అడిగింది, "నిజమేనా, తెలిసే పెట్టావంట?" మట్టత్త గునపం దించి "నిజమే" అంది. అడిగినామె లోపలికి వెళ్లిపోయింది. ఇంకొకామె శాపనార్థాలు పెట్టింది. మూడో ఆమె మాత్రం అన్నం డబ్బా గోడ మీద పెట్టి, కొంగు దోపి, తీగ రెండో కొస పట్టుకుంది. తర్వాత ఇంకొకరు వచ్చారు. రాలిన గింజలన్నీ దుమ్ములోంచి ఏరి డొక్కు డబ్బాలో వేసి మూత బిగించారు.

టీచరు వచ్చి దూరంగా నిలబడింది. రాత్రంతా ఏడ్చినట్టు కళ్లు ఉబ్బి ఉన్నాయి. "ఆ ఫోను... అంత ఆలోచించలేదక్కా. మందు సంగతి నాకు తెలీదు. భయంతో చేశాను."

"భయం నాకూ వేసింది టీచరమ్మా. ఇంకాస్తయితే నేనూ అదే చెప్పేదాన్ని."

ఆ రోజంతా పిచ్చుకకి ఎలా ఉందో తెలియలేదు. తండ్రి దూరాన రోడ్డు పని నుంచి వచ్చి ఆస్పత్రి చేరాడని మాత్రం తెలిసింది. మట్టత్త వెళ్లలేదు, వెళ్లే మొహం లేదు. మొగుడే సవారీల మధ్యలో వెళ్లి నర్సుని అడిగి వచ్చేవాడు. ఒకసారి "కళ్లు లోపలికి పోయాయి" అన్నాడు. ఇంకోసారి "నిద్రపోతోందంట" అన్నాడు. అది నిద్రో, మత్తో ఆమె అడగలేదు. ఆ మర్నాడు పొద్దెక్కాక ఆటో హారను కొట్టుకుంటూ సందులోకి వచ్చాడు. "మాట్లాడుతోందంట! నర్సు చెవులు హోరెత్తిపోతున్నాయంట! అన్నం పెట్టమని గోల!"

యజమానుల తరపు మనిషి వచ్చి విచారణ చేశాడు. ఆమె అతనికీ అదే చెప్పింది, ఉన్నదున్నట్టు. గదుల్ని మూయలేదు గానీ ఆమెను పనిలోంచి తీసేశారు, మట్టి వాసన కూడా గదిలోకి రాకూడదన్నారు. తొట్టిని కాలవలో ఒంపేశారు. ఆమె ఇంట్లో కూర్చుంది. కూర్చోలేక గిన్నెలు తోమినవే తోమింది. "ఇంకా తోమితే అడుగుకి చిల్లు పడుద్ది, మన బతుకు బయటపడుద్ది" అనేవాడు మొగుడు.

పిల్లల గదిలోకి కొత్త ఆయా వచ్చింది. మంచి మనిషే. కానీ పొద్దుటి ఏడుపు మళ్లీ మొదలైంది. మిషన్ల హోరులోంచి తల్లులు విన్నారు. కొన్నాళ్లు ఓర్చుకున్నారు, తర్వాత టీచరుని అడిగారు. టీచరే వాళ్లందరినీ వెంటబెట్టుకుని యజమానుల దగ్గరికి వెళ్లింది. "ఆవిణ్ని పిలవండి. ఆస్పత్రికి అబద్ధం చెప్పింది నేను, నిజం చెప్పింది ఆవిడ," అందట. పైవాళ్లు తర్జనభర్జన పడి, ఒక షరతు పెట్టారు. మట్టి పని జరిగేటప్పుడు ఎవరో ఒక తల్లి మిషను ఆపి వచ్చి కూర్చోవాలి.

మట్టత్త మళ్లీ ఆ గుమ్మం తొక్కిన రోజు, చాప మీద అప్పటికే ఒక తల్లి కూర్చుని ఉంది. పిచ్చుక తల్లి. ఆమెను చూసి మట్టత్త గుమ్మంలోనే ఆగింది.

"రా," అంది పిచ్చుక తల్లి. గొంతులో తీపి లేదు, కోపమూ లేదు. "నీ సంచీలో ఏమున్నాయో ముందు నాకు చూపించు."

ఒక్కొక్కటే తీసి చూపించాల్సి వచ్చింది. చీపురుపుల్లలు, కొబ్బరిపీచు, ఎండుటాకులు, చింతగింజలు. "ఇది నోట్లో పెట్టుకుంటే ఏమవుద్ది? ఇది ముక్కులో దూర్చుకుంటే?" ప్రతిదానికీ అడిగింది. పుల్లల కొసలు వేలికి గుచ్చుకుని చూసి, పదునున్నవి విరిచేసింది. గింజలన్నిటినీ పక్కకి నెట్టేసింది. "ఇవి వద్దు. కళ్లు పుల్లతో పొడవండి, చాలు." మట్టత్త తలూపింది. నిజానికి పుల్లతో పొడిచిన కళ్లే బాగుంటాయని ఆమెకీ ఆ రోజే తెలిసింది. లోపల చీకటి నిలిచి, చూపు ఉన్నట్టు కనపడతాయి.

పిచ్చుక ఏమీ జరగనట్టే మట్టత్త ఒళ్లో కూర్చుని తిమింగలం చేస్తానంది. తల్లి కళ్లార్పకుండా చూస్తూ కూర్చుంది. అలా ఆమె చాలా రోజులు వచ్చింది. "క్షమించాను" అని ఎప్పుడూ అనలేదు, మట్టత్త అడగనూ లేదు. ఒకరోజు గుండు పిచ్చుక తల్లి చేతిలో ఒక ముద్ద పెట్టి కుందేలు చేసిమ్మన్నాడు. కాజాలు తప్ప ఇంకేమీ చేయడం రాని ఆ వేళ్ల మధ్య కుందేలు ముల్లంగిదుంపలా తయారైంది. పిల్లలు పడీపడీ నవ్వారు. ఆమె నవ్వు ఆపుకుంటూ పెదవి కొరుక్కుంది.

ఆ రోజు లేచి, చేతుల మట్టి కడుక్కుని, గుమ్మం దగ్గర ఆగి అంది.

"రేపు నాకు కుదరదు, పని ఎక్కువుంది. బొత్తాలు కుట్టే వదిన వస్తుంది. ఏమేం చూడాలో దానికి చెప్పాను."

"సరే అమ్మా," అంది మట్టత్త.

"ఎల్లుండి కూడా అదే వస్తుంది," అని చెప్పి, పిచ్చుకను ఆమె దగ్గరే వదిలి, కాజాల మిషను దగ్గరికి వెళ్లిపోయింది.